నలభై ఏడు పేర్ల పట్టిక

హిందూపురంలో నాగభూషణం డీటీపీ షాపుకు పెళ్ళి పత్రికలు వేయించుకోవడానికి వచ్చేవాళ్ళు, గుమ్మంలోనే నిలబడి నిషాత్ ఉందో లేదో చూసుకుని గానీ లోపలికి వచ్చేవాళ్ళు కాదు. ఇంకెవరు టైపు చేసినా ముహూర్తం దగ్గరో, మేనమామ పేరు దగ్గరో ఏదో ఒక తప్పు దొర్లేది. నిషాత్ చేతిలో పడిన పత్రికలో అట్లాంటివి ఉండవు. ఇంటర్ రెండో ఏడు తప్పి, మళ్ళీ ఫీజు కట్టకుండా పద్దెనిమిదో ఏట ఆ కుర్చీలో కూర్చున్న పిల్ల. ఆరేళ్ళు గడిచేసరికి కంటికి ఒక అలవాటు పట్టుకుంది. పేజీలో అక్కర్లేని చుక్క గానీ గీత గానీ కనపడిందంటే, తుడిచేసేదాకా ఆమెకు మనసు నిలిచేది కాదు.

ఆ అలవాటే 2008 ఎండాకాలంలో ఆమె మీదికి మాట తెచ్చింది.

అప్పటికి షాపులోకి నెట్టు వచ్చి రెండు నెలలు. మధ్యాహ్నం భోజనాల వేళ బేరాలు ఉండవు. ఒకరోజు నాగభూషణం కంప్యూటర్ ముందు కూర్చుని ఆమెను పిలిచాడు.

"ఏమ్మా నిషాత్, ఈడ చూడు. ఊళ్ళ వికీ అంట. జిల్లాలో ఉండే పల్లెలన్నీ ఎక్కించినారు. ఎవురైనా రాయొచ్చునంట దీంట్లో. మీ ఊరుండాదేమో చూడు."

నిషాత్ వాళ్ళది పెనుకొండకు నాలుగు మైళ్ళ అవతల గద్దలపల్లి. నాయన హజరత్‌వలి పరుపులు కుట్టే పని కోసం పెనుకొండలో కాపురం పెట్టాడు, నిషాత్ అక్కడి నుంచే రోజూ బస్సులో షాపుకు వచ్చేది. అయినా ఎవరైనా ఊరు అడిగితే ఇంటిల్లిపాదీ గద్దలపల్లి అనే చెప్పేవాళ్ళు. ఆమె పెనుకొండ మండలం పేజీ తెరిచి చూసింది. నలభై ఏడు పల్లెల పేర్లు గళ్ళు గళ్ళుగా ఒక పట్టికలో ఉన్నాయి. వాటిలో గద్దలపల్లి లేదు. రెండోసారి మెల్లగా వేలు పెట్టి చదివితే ముప్పై మూడో వరుసలో దొరికింది, గడ్డాలపల్లి అని.

ఎవరో ఇంగ్లీషు జాబితా ముందు పెట్టుకుని తెలుగులోకి మార్చినట్టున్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో గద్దలకూ గడ్డాలకూ తేడా తెలియదు. నాగభూషణం కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"మీ నాయనకు గూడా లేదు గదమ్మా గడ్డం."

నిషాత్‌కు నవ్వు రాలేదు. పేజీ పైన 'మార్చు' అని ఉంటే దాన్ని నొక్కింది. అద్దంలా ఉన్న పేజీ కాస్తా మాయమై, దాని చోట ఒక అడవి వచ్చింది. ప్రతి పేరు ముందూ వెనకా నిలువుగీతలు. పేర్ల మధ్య అడ్డగీతలు, మొదట్లో పూల బ్రాకెట్టు, ఎక్కడ చూసినా రెండేసి చదరపు బ్రాకెట్లు. ఆమెకు ఇది కొత్త కాదు. ఒక ఫాంటులో టైపు చేసింది ఇంకో ఫాంటులోకి మార్చితే షాపులో రోజూ ఇట్లాంటి చెత్తే మిగులుతుంది. దాన్ని ఏరి పారేయడం ఆమె పనే. అరగంట కూర్చుని ఒక్క గీత కూడా మిగలకుండా అన్నిటినీ తుడిచింది. గడ్డాలను గద్దలు చేసింది. 'భద్రపరచు' నొక్కింది.

నలభై ఏడు ఊళ్ళూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే ముద్దయిపోయాయి. వరుసలు లేవు, గళ్ళు లేవు. ఏ ఊరు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలియడం లేదు. ఏం చేయాలో తోచక ఆమె ఆ పేజీ మూసేసింది.

మర్నాడు చూస్తే పట్టిక మళ్ళీ మునుపటిలాగే ఉంది. గడ్డాలు కూడా తిరిగి వచ్చాయి. పైన ఆమె కోసం ఒక కబురు ఉంది. "మీరు ఈ పేజీలోని పట్టికను పూర్తిగా తొలగించారు. దయచేసి పేజీలను పాడుచేయకండి. మళ్ళీ ఇలా జరిగితే మిమ్మల్ని నిరోధించవలసి వస్తుంది." కింద హరిత అని పేరు.

నిషాత్ ముఖం వేడెక్కిపోయింది. పాడుచేశావు అనే మాట ఆరేళ్ళలో ఏ ఒక్క బేరమూ ఆమెను అనలేదు. నాగభూషణం మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు.

"పోనీలేమ్మా. దుడ్లు రాని పనికి ఇన్ని మాటలు పడేది యాల?"

ఆమె వినలేదు. జవాబు రాయడానికి కూర్చుంది. షాపులో టైపు చేసే అక్షరాలు నెట్టులో పనికిరావు, అక్కడి మీటలు వేరు. గంటకు పది పత్రికలు కొట్టే మనిషికి మూడు వాక్యాలకు ఇరవై నిమిషాలు పట్టింది. "నేను పాడు చెయ్యలేదు. చెత్త తీసినాను. మా ఊరి పేరు గద్దలపల్లి."

ఈసారి వచ్చిన జవాబులో కొంచెం మెత్తదనం ఉంది. "అది చెత్త కాదండీ. ఆ గీతలే పట్టిక. గీత ఉన్నచోట గడి వస్తుంది. ప్రయోగశాల అని ఒక పేజీ ఉంది, అందులో ఎంత చెరిపినా ఎవరూ ఏమీ అనరు. అక్కడ నేర్చుకోండి. పేరు సంగతి తర్వాత మాట్లాడదాం. నేను ధర్మవరంలో లెక్చరర్‌ని. ఈ జిల్లా పేజీలు నేనే చూస్తుంటాను."

ఆ మధ్యాహ్నం నుంచి నిషాత్ భోజనాల వేళంతా ప్రయోగశాలలోనే గడిపింది. ఏం రాయాలో తెలియక ముందు ఒక పెళ్ళి పత్రిక రాసుకుంది. పెళ్ళికూతురి పేరుకు ముందు మూడు కామాలు, వెనక మూడు కామాలు పైన తేలేటట్టు పెడితే పేరు లావుగా వచ్చింది. రెండేసి పెడితే వాలింది. 'విందు' అనే మాటకు అటు రెండు, ఇటు రెండు సమానం గుర్తులు పెడితే అది పెద్ద అక్షరాలతో శీర్షికై కూర్చుంది. వరుస మొదట్లో ఒక నక్షత్రం గుర్తు వేస్తే చాలు, చుట్టాల పేర్లన్నీ చుక్కలు పెట్టుకుని బారుగా నిలబడ్డాయి. షాపులో అయితే మౌసుతో మాట పట్టుకుని మీట నొక్కాలి. ఇక్కడ మాటతోనే చెప్పుకోవాలి, ఇక్కడి నుంచి లావు, ఇక్కడితో చాలు అని. అంతే తేడా. ఈ సంగతి తెలిసినప్పుడు ఆమె ఒక్కతే కూర్చుని నవ్వుకుంది.

పట్టికకు నాలుగు రోజులు పట్టింది. పూల బ్రాకెట్టు పక్కన నిలువుగీత వేస్తే పట్టిక మొదలు. నిలువుగీత పక్కన అడ్డగీత వేస్తే కొత్త వరుస. పక్క గడిలోకి పోవాలంటే రెండు నిలువుగీతలు. చివర నిలువుగీత, పూల బ్రాకెట్టు మూత. ఇదంతా ఒక పాత పత్రిక వెనక పెన్నుతో రాసి కీబోర్డు కింద పెట్టుకుంది. ఐదో రోజు మూడు వరుసల పట్టిక ఒక్క దెబ్బకు సరిగ్గా వచ్చింది. నాగభూషణాన్ని పిలిచి చూపించింది. "బాగుండాదమ్మా" అన్నాడు ఆయన, ఏం బాగుందో తెలియకపోయినా.

ఆ వారమే పెనుకొండ నుంచి రంగప్ప అనే కాంట్రాక్టరు షాపుకు వచ్చాడు. మండలం రోడ్ల పక్కన ఊరి పేర్ల బోర్డులు నిలబెట్టే పని ఆయనకు దొరికింది. మెరిసే స్టిక్కరు అక్షరాలు కత్తిరించి ఇవ్వాలట.

"నలభై ఏడు బోర్డులబ్బా. పేర్లు ఇవి" అని నాగభూషణం ముందు ఒక కాగితం పెట్టాడు.

నిషాత్ అది చూసింది. ఊళ్ళ వికీ పేజీనే ప్రింటు తీసి తెచ్చాడు. ముప్పై మూడో వరుసలో గడ్డాలపల్లి, కింద ఒక ఇంజనీరు సంతకం.

"రంగప్పన్నా, దీంట్లో పేర్లు తప్పుండాయి."

"ఉండొచ్చునమ్మా, నాకేం తెల్సు. నాది మడకశిర దిక్కు. సారు ఇంగ్లీషు లిస్టు ఇచ్చినాడు. తెలుగులో యాడ దొరుకుతాది సార్ అంటే నెట్లో ఉండాది పో, అదే ఎక్కించు అన్నాడు."

"నెట్లో మారితే?"

రంగప్ప వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు. "మారితే మళ్ళా ప్రింటు తీసి మళ్ళా సంతకం పెట్టించుకుంటా. నాదేం పోతాది. కానీ పదైదు దినాలే టైముండాది. పదహారో దినం రేకులు ఎక్కించాల్సిందే."

ఆయన పోయాక నాగభూషణం ఆ కాగితం తీసి మళ్ళీ చదివాడు. ఈసారి నవ్వలేదు. "ఒకసారి రేకు మీదికి ఎక్కినాంక ముప్పై ఏండ్లు ఉంటాది. మీ ఊరి పిల్లోళ్ళు బడికి పోతా అదే చదువుకుంటారు" అన్నాడు. బీరువాలోంచి షాపు కెమెరా తీసి ఆమె ముందు పెట్టాడు. "పొద్దున పూట ఆ ఊళ్ళకే పోయి, పేరు రాసుండే చోట ఫోటో తీసుకో. పన్నెండుకంతా షాపులో ఉండు."

ఆమె హరితకు సంగతంతా రాసింది. సాయంత్రానికి జవాబు వచ్చింది. "మీరు చెప్పేది నిజమే అయి ఉంటుంది. వందల పల్లెలు నేనొక్కదాన్నే ఇంగ్లీషు జాబితా నుంచి ఎక్కించాను. కానీ ఎవరో చెప్పారని మారిస్తే రేపు ఇంకెవరో వచ్చి ఇంకోలా మారుస్తారు. ప్రతి ఊరికీ ఆధారం చూపించండి. బడి గోడ మీద ఊరి పేరు తెలుగులోనే ఉంటుంది కదా. ఫోటో తీసి పెట్టండి. నేను అడ్డం రాను."

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు నాయనతో చెప్పింది. హజరత్‌వలికి చదువు రాదు. పాతికేళ్ళుగా మోపెడ్ వెనక పరుపులు కట్టుకుని ఆ మండలంలో తిరగని పల్లె లేదు.

"తెల్లారి ఆరుకు లేస్తావా?" అన్నాడు.

"లేస్తా నాయనా."

"అయితే పరుపులు దించేస్తా. నువ్వు కూసో."

పది రోజులు అట్లా తిరిగారు. తండ్రి ముందు, కెమెరా మెడలో వేసుకుని కూతురు వెనక. ఊరు దగ్గర పడుతుంటే ఆయన పేరు చెప్పేవాడు. ఆమె బడి గోడ దగ్గర దిగి చదివేది. నోటి మాటా గోడ మీది రాతా కలిస్తే ఫోటో తీసేది. పేజీలో తాడకలపల్లి అని ఉన్నది తడకలపల్లి. పలకుంట అని ఉన్నది పాలకుంట. మెడిమకులపల్లి అని ఉన్న దాని ముందు మోపెడ్ ఆపి హజరత్‌వలి ఒక చెట్టు చూపించాడు. "మేడిమాకు. ఇదొక్కటే మిగిలుండాది, మునుపు దోవంతా ఇవే." బడి గోడ మీద నీలం రంగుతో మేడిమాకులపల్లి అని ఉంది.

ఎద్దులవాండ్లపల్లిలో బడికి కొత్తగా సున్నం కొట్టారు. పేరు దాని కిందికి పోయింది. ఎండాకాలం సెలవులు, గేటుకు తాళం. ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఉంటే, బడిలో అన్నం వండే గంగులమ్మ అనే మనిషి అటు వచ్చింది.

"ఎవురు కావల్లమ్మా?"

"ఎవురూ కాదక్కా. మీ ఊరి పేరు తెలుగులో రాసింది ఏమన్నా ఉందా అని చూస్తాండా."

"ఊరి పేరు కోసరం ఇంత దూరం వచ్చినారా?" గంగులమ్మ నమ్మనట్టు చూసింది. అయినా ఇంటికి పోయి తాళంచెవి తెచ్చింది. హాజరు పట్టీ అట్ట మీద బడి ముద్ర ఉంది. గుండ్రటి ముద్రలో ఊరి పేరు అక్షరం పొల్లుపోకుండా ఉంది. నిషాత్ ఫోటో తీస్తుంటే గంగులమ్మ పక్కన నిలబడి, "ఏమని ఉండాది?" అని అడిగింది. చదివి వినిపిస్తే తల ఊపింది. "అంతే గదా మా ఊరు" అంది.

బడి లేని పల్లెలు మూడు మిగిలాయి. వాటికి పెనుకొండ పోస్ట్‌మ్యాన్ తిరుపాల్ ఆధారం చూపించాడు. తాను సెలవు పెట్టినప్పుడు బదులు వచ్చేవాడికి దోవ తెలియాలని, పదహారేళ్ళ కిందట ఒక నోటుబుక్కులో అన్ని పల్లెల పేర్లూ వరుసగా రాసుకున్నాడు ఆయన. ఏ మలుపు తిరగాలో, ఏ ఇంట్లో కుక్క ఉంటుందో కూడా అందులో ఉంది. నిషాత్ ఆ మూడు పేజీలకూ ఫోటో తీసుకుంది. హరిత చూసి, చాలు అని రాసింది.

లెక్క తేలేసరికి నలభై ఏడింట్లో ముప్పై ఒక్క పేర్లు తప్పు.

ఇక పట్టిక. ఉన్నదాంట్లో అతుకులు వేయకుండా కొత్తది కట్టాలని నిషాత్ నిశ్చయించుకుంది. ఊరి పేరు, ఇంగ్లీషులో ఎట్లా రాస్తారు, ఆధారం ఏమిటి, ఫోటో. నాలుగు గళ్ళు, నలభై ఏడు వరుసలు. మూడు మధ్యాహ్నాలు కూర్చుని కొట్టింది. పదిహేనో రోజు పదకొండున్నరకు రంగప్ప వచ్చి ఆమె వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"ఈ పొద్దు పన్నెండుకు కరెంటు పోతాది, మళ్ళా రెండింటికే వచ్చేది" అని నాగభూషణం గుర్తు చేశాడు.

భద్రపరచక ముందు ఎట్లా కనపడుతుందో చూపించే 'మునుజూపు' నొక్కింది. పట్టిక గోడ కట్టినట్టు తిన్నగా వచ్చింది. రంగప్ప ప్రింటు తీయమన్నాడు. నిషాత్ తీయలేదు. పెళ్ళి పత్రికను ఎట్లా చూస్తుందో అట్లాగే పై నుంచి వేలు పెట్టి లెక్క పెట్టుకుంటూ వచ్చింది. నలభై ఒకటో వరుసలో ఊరి పేరు లేదు. పేరు ఉండాల్సిన గడిలో ఇంగ్లీషు మాట వచ్చి కూర్చుంది, చివరి గడి ఖాళీ. దొడ్డిబండ అనే పల్లె పట్టికలోంచే మాయమైపోయింది.

"టైపు చేసినావా దాన్ని?" అన్నాడు నాగభూషణం.

"చేసినా సార్. ఈడనే ఉండాది, చూడండి." రాసిన చోట దొడ్డిబండ స్పష్టంగా ఉంది. అక్కడ ఉన్నది పేజీలో లేదు. మళ్ళీ టైపు చేసింది. మళ్ళీ మునుజూపు. మళ్ళీ లేదు. గోడ గడియారం పదకొండూ నలభై ఎనిమిది చూపిస్తోంది.

చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. వేరే మనిషి చేసిన పనిని చూసినట్టు, పై వరుసనూ ఈ వరుసనూ పక్కపక్కన చూసింది. గీతల్ని గీతలతో పోల్చుకుంది. పై వరుసలో ఊరి పేరు తర్వాత రెండు నిలువుగీతలు. ఈ వరుసలో ఒక్కటే. ఒక్కటే ఉంటే దాని ముందున్న మాటను ఈ వికీ పైకి చూపించదు, గడి ఎట్లా ఉండాలో చెప్పే ఆజ్ఞ అనుకుని లోపలే మింగేస్తుంది. ఒక్క గీత తక్కువైనందుకు ఒక ఊరు పోయింది. ఆమె ఆ గీత వేసింది. మునుజూపు నొక్కితే దొడ్డిబండ తన గడిలో తాను ఉంది.

మళ్ళీ మొదటి నుంచి లెక్క పెట్టింది. నలభై ఏడు. భద్రపరచింది. ప్రింటరు మూడో కాగితం బయటికి తోస్తుండగా కరెంటు పోయింది, కాగితం సగంలో ఆగింది. రంగప్ప "అయ్యో" అన్నాడు. నిషాత్ మాత్రం తాపీగా సీసాలో నీళ్ళు తాగింది. పేజీ ఎక్కేసింది. కాగితం రెండింటికి వస్తుంది, సాయంత్రానికి సంతకం పడుతుంది. అట్లాగే పడింది కూడా.

మర్నాడు హరిత నుంచి కబురు. "నిషాత్ గారూ, రెండుసార్లు వరుస వరుసా చూశాను. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఇంత మంచి పట్టిక ఈ వికీలో ఇంకోటి లేదు. ఆ రోజు మిమ్మల్ని నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా మండలాలకు దీన్నే నమూనాగా పెడుతున్నాను." నిషాత్ అది మూడుసార్లు చదివింది. నాలుగోసారి నాగభూషణానికి గట్టిగా చదివి వినిపించింది. ఆయన ఆ మధ్యాహ్నం అంగడి వీధి నుంచి మైసూరుపాకు తెప్పించాడు.

జూన్ మొదట్లో బోర్డులు లేచాయి. మొదటి ఆదివారం హజరత్‌వలి కూతుర్ని మోపెడ్ మీద ఎక్కించుకుని రోడ్డంతా తిప్పాడు. ప్రతి బోర్డు దగ్గరా బండి ఆపి, "చదువు" అనేవాడు. ఆమె చదివేది. ఆకుపచ్చ రేకు మీద తెల్ల అక్షరాలు ఎండకు మెరుస్తున్నాయి. మేడిమాకులపల్లి. తడకలపల్లి. దొడ్డిబండ. గద్దలపల్లి బోర్డు దగ్గర ఆయన బండి దిగి, ఆ రేకును అరచేత్తో తట్టి చూశాడు. అక్షరాలు రాని మనిషి ఆ అయిదు అక్షరాలనూ ఒక్కొక్కటిగా వేలితో తడిమాడు. "ఇది నువ్వు రాసిందే గదా" అన్నాడు. అవునంది. బండి స్టార్టు చేశాడు. ఆ రోజంతా ఎదురైన ప్రతి మనిషికీ బండి ఆపి ఆ సంగతి చెప్పాడు.

ఆగస్టులో హరిత ఆమెను ధర్మవరం పిలిపించింది. కనగానపల్లి, బత్తలపల్లి, తాడిమర్రి మండలాల నుంచి పట్టిక కట్టడం నేర్చుకోవడానికి పదకొండుమంది వచ్చారు, ఎక్కువమంది బడి పంతుళ్ళు. హరిత చెప్తుందని అందరూ అనుకున్నారు. ఆమె సుద్దముక్క తీసుకొచ్చి నిషాత్ చేతిలో పెట్టి, తాను వెనక బెంచీలో కూర్చుంది.

నిషాత్ నల్లబల్ల మీద పూల బ్రాకెట్టు వేసి, పక్కన నిలువుగీత గీసింది. మొదటి పది నిమిషాలు బల్ల వైపే తిరిగి చెప్పింది. తర్వాత వాళ్ళ వైపు తిరిగింది. తాడిమర్రి నుంచి వచ్చిన పోతులయ్య అనే రిటైరైన హెడ్మాస్టరు మధ్యలో చెయ్యెత్తాడు.

"ఏం చదువుకున్నావమ్మా నువ్వు?"

"ఇంటర్ తప్పినా సార్."

పోతులయ్య జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు, పెన్ను మూత తీశాడు. "ఆ రెండు గీతల సంగతి నాకు సరిగ్గా తెలీలే. మళ్ళా మొదటి నుంచి చెప్పు. రాసుకుంటా" అన్నాడు.

ఆమె బల్ల తుడిచి, మళ్ళీ మొదటి గీత నుంచి మొదలుపెట్టింది. దసరా నాటికి మూడు మండలాల పట్టికలూ నిండాయి.